ఇత్తడి శాసనము

ఖాండవ దహన సమయమున అగ్నిదేవుని కోరికపై వరుణుడు అర్జునునకు గాండీవముతోపాటు రెండు అక్షయ తూణీరములను ఒసంగెనని భారతము చెప్పుచున్నది. ఎన్ని బాణములు తీసినను తఱుగని పొదులవి. అదే అర్జునుడు మౌసల పర్వమున యాదవ స్త్రీలను వెంటబెట్టుకొని వచ్చుచుండగా దారిదోపిడికాండ్రు పైబడిరి. అప్పుడు ఆ పొదులలోని అమ్ములు తీఱిపోయెను. చేత గాండీవము ఉండియు ఆ వీరుడు ఏమియు చేయజాలక నిలిచెను. వింటి కన్న అమ్ము ముఖ్యమనియు, అమ్ము కన్న అమ్మును మరల మరల పుట్టించు ఉపాయము ముఖ్యమనియు మన పూర్వులు ఈ రెండు కథలలోను సూచించినట్లు నాకు తోచుచుండును.

ఈ మాట తుపాకికి మఱింత చెల్లును. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పెద్దలు 1946 మొదలు 1951 వఱకు జరిగిన సాయుధ పోరాటమును గూర్చి చెప్పునప్పుడు తుపాకులను పేరుపేరున తలచుకొందురు. ఎవరి చేతిలో భర్మారు ఉండెనో, ఎవరి చేతిలో రైఫిలు ఉండెనో చెప్పుదురు. కాని తుపాకి పేలిన పిదప నేలపై రాలిపడు ఇత్తడి గొట్టమును గూర్చి చెప్పువారు అరుదు. లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఖర్చయినదానిని గూర్చి కన్న మిగిలినదానిని గూర్చి అడుగుట మా వృత్తిధర్మము. కావున ఈ రజతోత్సవ సంచికయందు ఆ మిగిలిన గొట్టము కథను, దానిని తిరిగి వాడుకకు తెచ్చు విద్యను, ఆ విద్య మన ప్రాంత చరిత్రపై ప్రసరించు వెలుగును పాఠక మహాశయులకు మనవి చేసికొందును.

పూర్వపు తుపాకులకు ఈ గొట్టమే లేదు. గొట్టపు మూతినుండి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి పేల్చెడివారు. మన వైపు దీనినే భర్మారు అందురు. నిజాము కొలువులో నుండిన ఫ్రెంచి సేనాని రేమండు హైదరాబాదునందు ఫిరంగుల కార్ఖానాను 1795లో నెలకొల్పెను. తోప్ కా సాంచా అనబడిన ఆ చోటు పేరు గన్ ఫౌండ్రీ అను రూపమున నేటికిని నగరమున నిలిచియున్నది. ఆ కాలమునాటి ఫిరంగికైనను చేతి తుపాకికైనను సూత్రమొక్కటియే. మందు వేఱు, గుండు వేఱు. అటుపిమ్మట మందును గుండును కలిపి కాగితపు పొట్లముగా కట్టు పద్ధతి వచ్చెను. 1857లో సిపాయిలకు ఆగ్రహము కలిగించిన ఎన్‌ఫీల్డు తూటా ఇట్టి కాగితపు పొట్లమే. దాని కొనను పంటితో కొఱికి మందు పోయవలసియుండెను. కాగితము కావున అది పేలుటతోనే చినిగి కాలిపోయెడిది. లెక్కకు మిగులునది ఏమియు లేదు.

అనతికాలముననే లోహపు తూటా వ్యాపించెను. ఇంగ్లండునందు కర్నల్ బాక్సరు, అమెరికాయందు హైరం బర్డన్ 1866లో ఇత్తడి తూటాలకు తగిన నమూనాలను సిద్ధపఱచిరి. ఇత్తడి గొట్టము అడుగున తాడనముచే మండెడి చిన్న టోపీ, లోపల మందు, మూతియందు గుండు. ఈ నాలుగును ఒక్కటిగా కూడినదే నేటి తూటా. మన దేశమున పూనా సమీపమందలి కిర్కీయందు 1869లో తూటాల కార్ఖానా వెలసెను. 1889 ప్రాంతమున బ్రిటిషు సైన్యము 303 తరగతి రైఫిలును స్వీకరించెను. దాని తూటా గొట్టము సుమారు 2¼ అంగుళముల పొడవు. దాని గుండు 1910 నుండి 174 గ్రెయినుల బరువు, అనగా మన తులమునకు ఇంచుక తక్కువ. అది క్షణమునకు 2,400 అడుగులకు మించిన వేగముతో పోవును. వంగప్రాంతమందలి ఈశాపూరునందు 1904లో స్థాపింపబడిన కార్ఖానా ఈ తరగతి తుపాకులను తయారుచేసెను.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1946 జూలై 4వ తేదీన నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండి గ్రామమున విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకి గుండ్లకు దొడ్డి కొమరయ్య నేలకొఱిగెను. ఆ యేటనే సూర్యాపేట తాలూకాలోని బాలెంల, పాత సూర్యాపేట మున్నగు గ్రామముల ప్రజలు వడిసెలలు, కఱ్ఱలు, రాళ్లు పట్టుకొని సాయుధ పోలీసుల నెదిరించిరి. వడిసెల రాయి అక్షయ తూణీరము వంటిది. నేల ఉన్నంతవఱకు దానికి కొఱత లేదు. కాని అది పోవు దూరమునకును తుపాకి గుండు పోవు దూరమునకును పోలిక యెక్కడిది? 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనుగారలు సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. కరివిరాల కొత్తగూడెమునకు చెందిన భీమిరెడ్డి నరసింహారెడ్డిగారి వంటివారు దళములు నడపిరి. దొరల గడీలనుండియు పోలీసులనుండియు తుపాకులు కొల్లగొనబడెను.

ఇచ్చటనే మన ఇత్తడి గొట్టపు సమస్య తలయెత్తును. భర్మారు తుపాకి మందగామి. ఒకసారి పేలిన పిదప మరల కూరుటకు పొద్దు పట్టును. వానకు మందు తడిసెనా, అది కట్టెతో సమానము. అయినను దాని ఆహారము పల్లెపట్టున దొరకును. రైఫిలు అట్లు కాదు. ఒక్క పెట్టెలో 10 తూటాలు పట్టును. గుఱి దూరము, బలము మెండు. కాని అది తన కొలతకు సరిపడు తూటానే తినును. ఆ తూటా కిర్కీనుండియో, అట్టి మఱియొక కార్ఖానానుండియో రావలయును. కొల్లగొన్న రైఫిలునకు కొల్లగొన్న తూటాలే దిక్కు. పది పేల్చిన పిమ్మట చేతియందు పది ఖాళీ గొట్టములును ఒక బరువైన ఇనుప కడ్డీయు మిగులును. మౌసల పర్వములోని అర్జునుని స్థితి ఇదియే.

అట్లయిన ఆ ఖాళీ గొట్టములను మరల నింపరాదా యని పాఠకులు అడుగవచ్చును. మంచి ప్రశ్న. ప్రపంచమున ఈ పని చేయువారు లేకపోలేదు. అమెరికా సైన్యము 1870-80 సంవత్సరముల మధ్య తన దండులకు తిరిగి నింపు పనిముట్లను పంపిణీ చేసెను. సైనికులు గుఱి అభ్యాసమునకు తూటాలను తామే నింపుకొనెడివారు. 1884లో ఐడియల్ అను కంపెనీ పటకారువంటి చేతి పనిముట్టును అమ్మజొచ్చెను. 1943లో కాలిఫోర్నియాయందు ఫ్రెడ్ హంటింగ్టన్ స్థాపించిన ఆర్.సి.బి.ఎస్. సంస్థ అచ్చులును ఒత్తు యంత్రములును చేయుటలో పేరుగాంచెను. అచ్చటి వేటగాండ్రకును గుఱికాండ్రకును ఇది నేటికిని ఒక ఇంటి విద్య. కాని ఈ విద్యలో మొదటి మెట్టే కష్టమైనది. కాల్చిన గొట్టము మునుపటి గొట్టము కాదు. దానిని మునుపటి కొలతకు తేవలయును. ఆ పనిని గూర్చి ఇంచుక వివరింతును.

మందు మండినప్పుడు 303 తూటాలో పుట్టు ఒత్తిడి చదరపు అంగుళమునకు 18 టన్నులకు పైమాట. ఆ ఒత్తిడికి పలుచని ఇత్తడి గోడ నలువైపుల ఉబ్బి తుపాకి గర్భపు గోడలకు గట్టిగా అంటుకొనును. అంటుకొనుటచేతనే వేడి గాలి వెనుకకు చిమ్మి కాల్చువాని మొగమును కాల్చకుండును. గుండు వెడలిపోయి ఒత్తిడి తగ్గగనే ఇత్తడి తన సహజ గుణముచే వెండ్రుకవాసి వెనుకకు ముడుచుకొనును. ఆ వెండ్రుకవాసియే గొట్టము బయటికి ఊడివచ్చుటకు కారణము. ఇనుము ఇంత చక్కగా ముడుచుకొనదు; రాగి మిక్కిలి మెత్తన. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము కలిసిన ఇత్తడియే ఇందుకు తగినదని తేలెను.

అయినను గొట్టము పూర్వరూపమునకు రాదు. అది తాను పేలిన తుపాకి గర్భమునకు అచ్చు పోసినట్లు తయారగును. క్రొత్త చెప్పు కొంతకాలము తొడిగిన పిదప ఆ కాలి ఆకారమును పొందునట్లన్నమాట. ఒకని చెప్పు మఱియొకని కాలికి ఒఱయును. అట్లే ఒక రైఫిలున పేలిన గొట్టము మఱియొక రైఫిలున దూరకపోవచ్చును. అంతేకాక దాని మెడ వెడల్పగుటచే క్రొత్త గుండును బిగించి పట్టజాలదు. కావున గట్టి ఉక్కుతో తొలిచిన అచ్చులోనికి, పైని పలుచగా చమురు పూసి, ఆ గొట్టమును బలముగా ఒత్తుదురు. ఒత్తు కాలమున ఇత్తడి కొంచెము తిరిగి సాగును గనుక అచ్చును కోరిన కొలతకన్న ఒక పిసరు ఇఱుకుగా తొలుతురు. చమురు తక్కువైన గొట్టము అచ్చులో చిక్కుకొనును. ఎక్కువైన భుజమున సొట్ట పడును. ఒత్తిన గొట్టము పొడవునను పెరుగును. పెరిగిన మేర కోయవలయును.

ఇందు రెండు మార్గములు కలవు. గొట్టమునంతటిని ఒత్తుట ఒకటి. మెడను మాత్రము ఒత్తుట రెండవది. మొదటి దానిచే గొట్టము ఆ తరగతి తుపాకులన్నిటికిని సరిపడును, కాని త్వరగా అలసిపోవును. రెండవ దానిచే చిరకాలము మన్నును, కాని తాను పేలిన తుపాకికే పనికివచ్చును. 303 విషయమున ఈ భేదము మఱింత ప్రధానము. బురదలోను దుమ్ములోను చిక్కుపడకుండునట్లు ఆ రైఫిలు గర్భమును భుజము వైపున వదులుగా తొలిచిరి. తూటా అడుగునందలి అంచే దానిని నిలిపి పట్టును. కావున పేలిన ప్రతిసారియు గొట్టము ముందునకు సాగును. సాగిన దానిని అచ్చులో వెనుకకు నెట్టి, మరల పేల్చి, మరల నెట్టినచో అడుగునకు కొంచెము పైభాగమున గోడ పలుచనై, వలయాకారమున బీట వాఱి, తుదకు రెండు ముక్కలగును. తెలిసినవారు కొన వంచిన సన్నని తీగను గొట్టము లోపల జరపి ఆ గాడిని ముందుగనే పసిగట్టి, అట్టి గొట్టమును పాఱవేయుదురు.

ఇత్తడి అలసటను మన కంచరులకన్న బాగుగా ఎఱిగినవారు ఎవరు? జనగామ చెంతనున్న పెంబర్తి పనివారి ఇత్తడి రేకుల నగిషీ లోకవిఖ్యాతము. సుత్తిదెబ్బలు తగిలినకొలది రేకు బిరుసెక్కుననియు, మరల కాచినచో మెత్తబడుననియు ఆ పనివాని ఇంటి పసిబాలునికిని తెలియును. ఇనుమును కాచి నీట ముంచిన గట్టిపడును. ఇత్తడి నీట ముంచినను మెత్తగానే యుండును. తూటా గొట్టమునకును ఇదే న్యాయము. పలుమార్లు ఒత్తిన మెడ బిరుసెక్కి చీలును గనుక మెడను మాత్రము కాచి మెత్తబఱతురు. అడుగు భాగమును ఎన్నడును కాచరాదు. అది మెత్తబడినయెడల ఒత్తిడికి నిలువక పేల్చువాని ప్రాణమునకే ముప్పు.

ఈ సందర్భమున మన దేశపు వానకాలము ప్రపంచ లోహశాస్త్రమునకు నేర్పిన పాఠమొకటి చెప్పదగినది. బ్రిటిషు సైన్యము వానకాలమున తూటాలను గుఱ్ఱపు సాలలలో దాచెడిది. ఋతువు మాఱి తీసిచూచునప్పటికి పెక్కు గొట్టములు తమంతట తామే చీలియుండెడివి. ఎవరును ముట్టలేదు, ఏ దెబ్బయు తగులలేదు. ఋతువునుబట్టి వచ్చుటచే ఆ రోగమునకు ఋతుభేదపు చీలిక యని పేరు పెట్టిరి. గుఱ్ఱముల మూత్రమునుండి వెలువడు అమ్మోనియా వాయువును, గాలిలోని తేమయు కలిసి, ఒత్తుడు పనిచే లోలోపల బిగువు నిలిచిపోయిన ఇత్తడిని చీల్చునని 1921లో పరిశోధకులు నిరూపించిరి. మంద్రమైన వేడిచే ఆ లోబిగువును పోగొట్టుటయే దానికి మందు. పైకి నిబ్బరముగా కనబడుచు లోలోపల బిగువు దాచుకొన్నది సమయము వచ్చినప్పుడు దెబ్బ లేకయే పగులునను నీతి లోహములకేకాక రాజ్యములకును వర్తించునని వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱి రెండు అడ్డంకులు కలవు. బాక్సరు నమూనా టోపీ క్రింద నట్టనడుమ ఒకే రంధ్రముండును; సన్నని సూదితో లోపలినుండి పొడిచిన పాత టోపీ ఊడివచ్చును. బర్డన్ నమూనాయందు చిన్న రంధ్రములు రెండు ప్రక్కలకు ఉండును, సూది పాఱదు. వింతయేమనగా ఆంగ్లేయుడైన బాక్సరు పద్ధతి అమెరికాయందును, అమెరికావాడైన బర్డన్ పద్ధతి బ్రిటిషు సైనిక తూటాలయందును స్థిరపడెను. రెండవది, ఆ కాలపు టోపీలలో పాదరసము కలిసియుండెడిది. పాదరసము తగిలిన బంగారు నగ యేమగునో మన యింటి ఆడువారికి తెలియును. ఇత్తడియు అట్లే లోలోపల చెడి పెళుసుబాఱును.

ఇప్పుడు మన దళముల స్థితిని ఊహింతము. చక్కగా తొలిచిన ఉక్కు అచ్చు, ఒత్తు యంత్రము, కొలత మట్టములు, సరియైన టోపీ, పొగలేని మందు, ఇవి యన్నియు ఉన్నచోటనే ఖాళీ గొట్టము మరల తూటా కాగలదు. రాత్రికొక ఊరు మాఱుచు, వేర్వేరు చోట్ల కొల్లగొన్న పలు తుపాకులతో తిరుగువారికి ఇవి ఎట్లు సమకూడును? అచ్చు లేని ఇత్తడి ఇత్తడియే గాని ఆయుధము కాదు. కార్ఖానా గలవానికి ఖాళీ గొట్టము ఒక లెక్క. లేనివానికి అది ఒక లోటు. ఆ పోరాటము నడచిన తీరును తలచునప్పుడు ధైర్యసాహసములతోపాటు ఈ చిన్న నిజమును కూడ తలపవలయును.

1948 సెప్టెంబరున ఈ భేదము కన్నులకు కట్టినట్లు కానవచ్చెను. 13వ తేదీ ఉదయముననే భారత సైన్యము బెజవాడ మార్గమున కోదాడ చేరి, ఆ సాయంకాలములోపల మునగాలకు వచ్చెను. 14న సూర్యాపేట వారి వశమయ్యెను. వెనుదిరిగిన నిజాము సేనలు మూసీపై వంతెనను కూల్చినను, దానికి కాపు పెట్టనందున అది త్వరలోనే బాగుచేయబడెను. 17వ తేదీకి యుద్ధమే ముగిసెను. కార్ఖానా వెన్నున్న సైన్యమునకు దారిలో రాలిన గొట్టములను లెక్కించుకొను అవసరము కలుగలేదు. ఆ పిమ్మటను 1951 అక్టోబరులో విరమింపబడువఱకు పోరాటము అడవులలో సాగెను. దళములవారు, రైతులు కలిసి 4,000 మంది వఱకు చంపబడిరని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథమున వ్రాసిరి. లెక్కల పుస్తకమున ఎడమ ప్రక్క ఒక ఖాళీ గొట్టమును వ్రాసినచో, కుడి ప్రక్క కొన్నిచోట్ల ఒక మనిషి పేరు వ్రాయవలసియుండును. ఆ పేర్లలో పెక్కు నేటికిని వ్రాయబడలేదు.

కాల్చిన గొట్టమును శాసనమని నేను శీర్షికయందు ఊరక అనలేదు. దాని అడుగున కార్ఖానా గుర్తు, పెక్కింటిపై సంవత్సరము చెక్కబడియుండును. కె.ఎఫ్. అను ఆంగ్లాక్షరములు కిర్కీ కార్ఖానావి. పిల్లలమఱ్ఱి గుళ్ల ఱాతి శాసనములు కాకతీయుల నాటి దాతలను మనకు తెలుపునట్లే, ఈ అంగుళములో సగము వెడల్పు గల ఇత్తడి బిళ్ల ఏ యేట, ఏ కార్ఖానానుండి, ఎవరి ధనముతో ఒక గుండు మన పొలమునకు వచ్చెనో తెలుపును. పాత సామానులవానికి తూకమునకు వేసినచో దాని విలువ కొద్ది రూపాయలు. కరగినపిమ్మట అది బిందె కావచ్చును, గంట కావచ్చును. సాక్ష్యము మాత్రము కాజాలదు.

అయితే యువకులకు ఒక హెచ్చరిక. ఈ వ్యాసమును చదివి ఎవరును పనిముట్లు వెదకరాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతి లేక తూటాలు తయారుచేయుట నేరము. తూటాల భాగములు, వానిని చేయు యంత్రములు సైతము ఆ చట్టమున తూటాల నిర్వచనములోనికే వచ్చును. దున్నునప్పుడో, పాత గోడ పడగొట్టునప్పుడో పేలని తూటా బయల్పడినచో దానిని కొట్టక, కాల్చక, ఇంటికి తేక, పోలీసు ఠాణాకు తెలుపవలయును. ఖాళీ గొట్టము దొరికినను వారికి చూపిన తరువాతనే దాచుట క్షేమము. దొరికిన చోటు, తేదీ, అడుగున గల అక్షరములు మాత్రము ఒక కాగితమున వ్రాసి మన గ్రంథాలయమునకు ఇచ్చుటకు ఏ చట్టమును అడ్డురాదు.

ఆ పని తొందరగా జరుగవలసియున్నది. భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు 2008లో గతించిరి. వారి సోదరి మల్లు స్వరాజ్యముగారు 2022లో గతించిరి. పేరుపొందినవారి మాటలు కొన్ని అచ్చయినవి. పేరులేని వారి మాటలు వారితోనే పోవుచున్నవి. మునగాల రాజా నాయని వెంకటరంగారావు బహద్దరువారు మొదలగు పెద్దల పూనికతో 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఆ సేన నడచిన మునగాల పేరే ఈ పుస్తకముల ఉద్యమమునందును మొదటి వరుసలో నిలిచియున్నదని మఱువరాదు.

ఇత్తడి గొట్టమును ఎన్నిమార్లు అచ్చున ఒత్తినను ప్రతిమాఱును అది కొంత పలుచనగును. ఒకనాటికి బీటవాఱక మానదు. పుస్తకము అట్లు కాదు. వంద మంది చదివినను దానియందలి విషయము వెండ్రుకవాసి తఱుగదు. వరుణుడిచ్చిన తూణీరము కథలోనే తీఱిపోయినది. గ్రంథాలయమను తూణీరము మాత్రము మనము నింపినంతకాలము అక్షయముగా నుండును. ఇరువదియైదేండ్లుగా దానిని నింపుచు వచ్చిన చందాదారులకును, పాఠకులకును, కార్యకర్తలకును నమస్కరించుచు, మన ఊరి పెద్దల మాటలను వ్రాసి పెట్టుటకు ఈ రజతోత్సవ వత్సరముననే ఒక పుస్తకమును తెఱువవలసినదిగా ప్రార్థించుచున్నాను.